ఇందులో అను ఉందా అని అడిగిన సీటీసీ షాపు

మా నాన్న లాప్‌టాప్ బాగుచేసిన షాపు పేరు రాయడం లేదని ముందే చెప్పేస్తున్నా. రివ్యూ రాస్తానంటే ఓనరే వద్దన్నాడు, "పేరు పెట్టకు అన్నా, ఉన్న పనే తెమలట్లేదు" అని. ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, సికింద్రాబాద్‌లో అందరూ సీటీసీ అనే బిల్డింగు, అందులో పై అంతస్తులో ఓ మూలనున్న షాపు. ఆరడుగుల కౌంటరు, వెనకాల గోడంతా విప్పేసిన లాప్‌టాప్‌లు, ముగ్గురు మనుషులు. అంతే.

మా నాన్న ఇరవై ఏళ్లు డీటీపీ షాపు నడిపారు. పెళ్లి కార్డులు, పాంప్లెట్లు, గుడి రసీదు పుస్తకాలు, అన్నీ పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంలో, తెలుగు కొట్టడానికి వాడే అను ఫాంట్లతోనే. షాపు ఎప్పుడో మూసేశాం కానీ పని మానలేదు. చుట్టాల్లో ఏ పెళ్లి కుదిరినా కార్డు ఇప్పటికీ మా ఇంట్లోనే తయారవుతుంది. ఆ ఫైళ్లన్నీ 2017లో కొన్న లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఐ5 ఏడో జనరేషన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు. కొన్న కొత్తలో బాగానే ఉండేది. పోయిన ఏడాదికి వచ్చేసరికి స్విచ్ నొక్కి, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని, తాగి వచ్చినా ఇంకా ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. అక్టోబర్‌లో "విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది" అని స్క్రీన్ నిండా మెసేజ్ వచ్చేసరికి ఆయనకి టెన్షన్ మొదలైంది, రేపట్నించి లాప్‌టాప్ ఆన్ కాదేమోనని.

మేమూ మొదట అందరూ చేసేదే చేశాం. ఇంటికొచ్చి బాగుచేసే సర్వీసు ఒకటి ఫోన్‌లో బుక్ చేశాను, విజిట్ చార్జీ 299. చెప్పిన టైముకే వచ్చాడు, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు, మాట కూడా మర్యాదగానే ఉంది. ఆన్ చేసి, వెనకాల చెవి పెట్టి విని, పది నిమిషాల్లో "మదర్‌బోర్డు వీక్ అయింది సార్, 9,500 అవుతుంది, మూడు రోజులు మా దగ్గరుంచాలి" అన్నాడు. స్క్రూ ఒక్కటి విప్పలేదు, టాస్క్ మేనేజర్ కూడా తెరవలేదు. అంత ఎందుకు అనేసరికి మాట మార్చి, "పోనీ ఫార్మాట్ కొట్టి చూద్దాం, డీ డ్రైవ్‌లో ఉన్నవి పోవులెండి" అన్నాడు. నాన్న అప్పటికే సరేనన్నట్టు తలూపేస్తున్నారు. పాస్‌వర్డ్ చీటీ మీద రాసివ్వమన్నాడు చూడండి, అక్కడ నాకెందుకో మనసొప్పలేదు. 299 ఇచ్చి పంపేశాను.

అంతకుముందు ఇంకోటి జరిగింది, అది కూడా చెప్పాలి. ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపిస్తోందని నాన్న గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి, పైన కనిపించిన దానికి ఫోన్ కొట్టారు. అవతలివాడు చక్కటి తెలుగులో మాట్లాడి, ఫోన్‌లో స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి, అందులో వచ్చే కోడ్ చెప్పమని, రిజిస్ట్రేషన్ కోసం పది రూపాయలు యూపీఐలో కట్టమన్నాడు. పదే కదా అని పిన్ నొక్కబోతుంటే అమ్మ వచ్చి "ప్రింటర్ బాగుచేయడానికి మీ ఫోన్‌పే ఎందుకట?" అని ఫోన్ లాక్కుంది. బతికిపోయాం. వాడడిగేది పది రూపాయలే, వాడికి కావాల్సింది మాత్రం మనం పిన్ కొడుతుంటే చూడటం. ఎవరికైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును అంత త్వరగా ఆపే వీలుంటుంది. నంబర్ కావాలంటే ప్రింటర్ అట్టపెట్టె మీదో కంపెనీ సొంత సైట్లోనో చూసుకోండి, గూగుల్‌లో పైన కనిపించిందల్లా కంపెనీది కాదు.

ఇక సీటీసీ సంగతి. డిసెంబర్‌లో ఓ శనివారం తార్నాకలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగాం. కారులో వెళ్దామని మాత్రం అనుకోకండి, పార్క్‌లేన్‌లో పార్కింగ్ దొరికేలోపు లాప్‌టాప్‌కి ఇంకో ఏడాది వయసొస్తుంది. లోపల అడుగడుగునా "ఏం కావాలన్నా, లాప్‌టాపా, ప్రింటరా" అని పిలుస్తూనే ఉంటారు. ఆఫీసులో తెలిసినాయన చెప్పిన షాపు కాబట్టి ఆగకుండా పైకెళ్లాం.

కౌంటర్ దగ్గర ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు. లాప్‌టాప్ తీసుకుని స్విచ్ నొక్కలేదు. ముందు నాన్నని అడిగాడు, "అంకుల్, ఇందులో ఏం పని చేస్తారు?" అని. పెళ్లి కార్డులు అనగానే చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాడు. "అయితే అను ఉందా ఇందులో? సీడీ ఉందా మీ దగ్గర? కీబోర్డ్ ఆపిలా, వేరేదా?" నాన్న ముఖం చూడాల్సింది. పదేళ్ల తర్వాత సొంతూరి మనిషి కనబడ్డట్టు అయిపోయారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇక్కడ ఆపిల్ అంటే ఏ మీట నొక్కితే ఏ తెలుగు అక్షరం పడాలో చెప్పే ఒక కీబోర్డ్ అమరిక. ఇక అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే మామూలు తెలుగు లాంటివి కావు. ఫార్మాట్ కొట్టాక ఫైలు ఉన్నా ఫాంట్లు లేకపోతే "శ్రీరస్తు శుభమస్తు" అని ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అంటే ఫైళ్లన్నీ భద్రంగానే ఉంటాయి, ఒక్కటీ చదవలేం. ఇంటికొచ్చినతను ఆ ప్రశ్న అడగకుండానే ఫార్మాట్ కొట్టేసేవాడు.

తర్వాత డిస్కు బయటికి తీసి వాళ్ల కంప్యూటర్‌కి తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిచాడు. పసుపు రంగులో "కాషన్", అంటే జాగ్రత్త, అని ఉంది. మానిటర్ మా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించాడు: డిస్కులో కొన్ని చోట్ల సెక్టార్లు పాడై చదవడానికి రావట్లేదు, చదవలేక పదేపదే ప్రయత్నిస్తుంటుంది, అందుకే నత్తనడక. "మదర్‌బోర్డు రాయిలా ఉంది అంకుల్" అన్నాడు. నేను డీ డ్రైవ్ సేఫ్ కదా అంటే నవ్వాడు. "సీ అయినా డీ అయినా ఒకే డిస్కు అన్నా, ఇంటికి మధ్యలో గోడ కట్టినట్టు. ఇల్లు కూలితే రెండు గదులూ పోతాయి." ఇంతకంటే తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు, నేను ఐటీలోనే పని చేస్తాను, సిగ్గు లేకుండా చెప్తున్నా.

వెనక మూత తీశాక ఫ్యాన్ దగ్గర దుమ్ము దూదిపింజలా పేరుకుని ఉంది, నల్లగా, జిగటగా. ఓనర్ దాన్ని పట్టకారుతో లాగి, వాసన చూసి, "పూజగది పక్కన పెడతారా?" అన్నాడు. నిజమే, పూజ అలమర పక్కనే నాన్న టేబులు. అగరుబత్తి పొగంతా ఎనిమిదేళ్లుగా అదే పీలుస్తోంది. అమ్మకి చెప్తే "దానికీ నా పూజే దొరికిందా" అంది.

వాళ్లు చేసింది ఇదీ. ముందు డేటా కాపీ, ఆ తర్వాతే మిగతావి. డిస్కు సరిగా చదవట్లేదు కాబట్టి రాత్రంతా పెట్టి వదిలేశారు. మొత్తం 210 జీబీలో ఏడు ఫైళ్లు రాలేదు, వాటి పేర్లు చీటీ మీద రాసిచ్చారు. ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే "అన్నీ వచ్చేశాయి" అనేస్తే ఆ పూటకి మాకేం తెలిసేది కాదు. పోయినవాటిలో మా మేనమామ కూతురి ఓణీల ఫంక్షన్ కార్డు ఒకటి, 2009 నాటి పెళ్లి కార్డులు రెండు. ఓణీల కార్డు నాన్న పాత ప్రింటు ముందు పెట్టుకుని మళ్లీ కొట్టుకున్నారు, ఎవరూ అడగలేదు, ఊరికే.

పాత హార్డ్ డిస్కు బదులు వేసిన 512 జీబీ ఎస్‌ఎస్‌డీ 4,200. ర్యామ్ రేట్లు అప్పుడు మండిపోతున్నాయి, కొత్తది కొనలేమని 8 జీబీ సెకండ్‌హ్యాండ్ 2,200కి వేశారు, దానికి వాళ్ల గ్యారంటీ మూడు నెలలే. క్లీనింగ్, థర్మల్ పేస్ట్, డేటా, విండోస్ వేయడం అన్నీ కలిపి 1,200. మొత్తం 7,600. ఇంటికొచ్చినతను చెప్పిన 9,500తో పోల్చి తక్కువని మురిసిపోవడం కాదు, ఆ 9,500 పెట్టి మదర్‌బోర్డు మార్చినా అదే చచ్చిన డిస్కుతో మళ్లీ టీ తాగొచ్చేవాళ్లం.

విండోస్ దగ్గర మాత్రం నేను కాస్త వాదించాల్సి వచ్చింది. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకుంటుంది, మాది ఏడోది. అడ్డదారిలో 11 వేయొచ్చు, వేసిస్తామన్నారు కూడా, కానీ రేపు అప్‌డేట్ ఆగిపోతే మాది పూచీ కాదని వాళ్లే చెప్పారు. నాకెందుకు ఆ గొడవ? విండోస్ 10నే ఉంచమన్నాను. అక్టోబర్ 14, 2025తో మామూలు సపోర్ట్ ఆగిన మాట నిజమే, దానర్థం లాప్‌టాప్ ఆగిపోతుందని కాదు. ఇళ్లలో వాడేవాళ్లకి ఇంకో ఏడాది, అక్టోబర్ 13, 2026 వరకు, సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే పథకం పెట్టారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. కుర్రాడికి ఆ సంగతి తెలుసు, మేం అడిగాకే చెప్పాడు. ఇంకో మాట, కొన్నప్పుడే ఒరిజినల్ విండోస్‌తో వచ్చిన లాప్‌టాప్‌లో డిస్కు మార్చి అదే ఎడిషన్ మళ్లీ వేస్తే, నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఎవరైనా "కీ" కోసం వేరే డబ్బులడిగితే ఇవ్వకండి. మాకైతే అడగలేదు.

అను వేయడానికి మాత్రం నాన్న మర్నాడు తనే సీడీ పట్టుకుని వెళ్లారు. లాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ లేదు. వాళ్లు ఎక్కడో పైన అట్టపెట్టెలోంచి ఓ బయట తగిలించే డ్రైవ్ తీసి, దుమ్ము ఊది పెట్టారు. ఇన్‌స్టాల్ అయ్యాక కుర్రాడు లాప్‌టాప్ మూసి ఇచ్చేయలేదు, "ఏదో ఒక కార్డు తెరవండి అంకుల్" అన్నాడట. తెరిస్తే అక్షరాలన్నీ ఉన్నాయి, ఒత్తులతో సహా. నాన్న అక్కడే నిలబడి ఓ లైను కొట్టి చూసుకుని గానీ కదల్లేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అన్నీ బాగాలేవు. అడక్కపోయినా 500 పెట్టి యాంటీవైరస్ తీసుకోమని మూడుసార్లు అన్నాడు, విండోస్‌లో వచ్చే డిఫెండర్ నాన్న వాడకానికి చాలు. బిల్లు అడిగితే చీటీ మీద లెక్క రాసిచ్చారు, జీఎస్టీ బిల్లయితే రేటు పెరుగుతుందన్నారు. నేను పట్టుబట్టి ఎస్‌ఎస్‌డీ వరకు బిల్లు వేయించుకున్నాను, మూడేళ్ల వారంటీ ఉన్న వస్తువుకి చీటీ పనికిరాదు కదా. మధ్యాహ్నం పూట ఫోన్ ఎత్తరు, వాట్సాప్‌లో వాయిస్ పెడితే సాయంత్రానికి జవాబొస్తుంది. అన్నిటికంటే చిరాకు ఏమిటంటే, పది రోజులకి టచ్‌ప్యాడ్ పని మానేసింది. మూత బిగించేటప్పుడు లోపలి రిబ్బన్ వైరు సరిగ్గా కూర్చోలేదట. ఐదు నిమిషాల్లో సరిచేశారు, పైసా తీసుకోలేదు, సారీ కూడా చెప్పారు. కానీ నా సగం రోజు లీవు పోయింది. అందుకే ఐదుకి నాలుగు స్టార్లు.

ప్రింటర్ గొడవ కూడా చివరికి వీళ్లే తీర్చారు, వీడియో కాల్‌లో, ఊరికే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ ప్రింటర్‌కి కొత్త అడ్రస్ ఇస్తోంది, లాప్‌టాప్ పాత అడ్రస్‌లో వెతుక్కుంటోంది. రౌటర్ సెట్టింగ్స్‌లో ప్రింటర్‌కి ఒకే అడ్రస్ కేటాయించమన్నాడు, అప్పట్నించి ఆఫ్‌లైన్ అన్న మాట కనబడలేదు.

వెళ్లేవాళ్లు చార్జర్ మర్చిపోకండి, మేం మర్చిపోయి పక్క షాపులో బతిమాలుకున్నాం. ఆదివారం వెళ్లొద్దు, చాలా షటర్లు దించే ఉంటాయి. లాప్‌టాప్ ఇప్పుడు ఇరవై సెకన్లలో తెరుచుకుంటోంది, నాన్న టీ మాత్రం మానలేదు. మొన్న మౌస్ క్లిక్ సరిగా పడట్లేదని, నాతో చెప్పకుండా ఒక్కరే మెట్రో ఎక్కి ఆ షాపుకే వెళ్లొచ్చారు. బాగుచేసినందుకు కుర్రాడు ముప్ఫై తీసుకున్నాడట, రానూపోనూ టికెట్‌కే అంతకంటే ఎక్కువైంది. అదే అంటే, "వాడికి ఆపిల్ కీబోర్డ్ వచ్చురా" అన్నారు.