కణం వేగం లెక్కలకి ఫార్ములానా, డిఫరెన్షియేషనా?

విజయనగరంలో అయినా శ్రీకాకుళంలో అయినా ఇంటర్ ఎంపీసీ పిల్లల్ని కణం వేగం కనుక్కోమంటే చాలామంది ముందు రాసేది ‘వీ = యూ + ఏటీ’, అంటే చివరి వేగం = మొదటి వేగం + త్వరణం (వేగం మారే రేటు) × కాలం. త్వరణం మారనంత వరకూ అందులో తప్పేం లేదు. పైకి విసిరిన రాయి, ఒకే తీరుగా బ్రేకు పడ్డ బస్సు, ఇలాంటి వాటికి డిఫరెన్షియేషన్ (ఏ క్షణంలో ఎంత రేటున మారుతోందో కనుక్కునే పద్ధతి) పెట్టుకుంటే టైము దండగ, ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకి ఉండేది 180 నిమిషాలే మరి.

గొడవంతా త్వరణం మారినప్పుడే. టీ కాలం దగ్గర కణం ఉండే చోటు ఎస్ = టీ³ − 6టీ² + 9టీ అని ఇచ్చారనుకోండి, ఎస్ మీటర్లలో, టీ సెకన్లలో. ఒకసారి డిఫరెన్షియేట్ చేస్తే వేగం 3టీ² − 12టీ + 9, ఇంకోసారి చేస్తే త్వరణం 6టీ − 12. మొదట్లో వేగం 9, త్వరణం −12 కదా అని వాటిని ఫార్ములాలో పడేస్తే 1 సెకను దగ్గర వేగం −3 వస్తుంది. అసలు జవాబు సున్నా! కణం అక్కడ ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరుగుతోంది, ఫార్ములా లెక్కలో మాత్రం అప్పటికే వెనక్కి పరిగెడుతోంది. ఇలాంటి చోట నా ఓటు కళ్లు మూసుకుని డిఫరెన్షియేషన్‌కే.

సగటు వేగంతో సరిపెట్టుకోవచ్చు కదా అంటారా? విజయనగరంలో ప్యాసింజర్ ఎక్కి ఆమదాలవలసలో దిగినవాడు సగటు ఎంతో చెప్పగలడు గానీ, మధ్యలో చీపురుపల్లిలో బండి ఆగిన సంగతి ఆ అంకెలో ఎక్కడా ఉండదు.

అలాగని డిఫరెన్షియేట్ చేసేసి పెన్ను పక్కన పెట్టకూడదు. మొదటి 4 సెకన్లలో కణం ఎంత దూరం పోయిందని అడిగితే, టీ బదులు 4 వేసి ‘4 మీటర్లు’ అని రాసేస్తుంటారు, అది స్థానభ్రంశం, అంటే మొదలైన చోటికి చివరి చోటికి మధ్య తేడా మాత్రమే. వేగం 1, 3 సెకన్ల దగ్గర సున్నా అవుతుంది కాబట్టి కణం 4 మీటర్లు ముందుకి, 4 వెనక్కి, మళ్లీ 4 ముందుకి పోయింది, మొత్తం 12. ఇక్కడ రఫ్‌గా గీసిన గ్రాఫే మేలు, మలుపులు రెండూ కంటికే కనిపిస్తాయి. వేగం విలువ కావాలంటే మాత్రం చేత్తో గీసిన స్పర్శరేఖ (గ్రాఫుని ఆ బిందువు దగ్గర తాకే గీత) వాలుని నమ్ముకోలేం.

ఇంకోటి, త్వరణం మైనస్ అనగానే కణం నెమ్మదిస్తోందని టిక్కు పెట్టేయకండి. 1, 2 సెకన్ల మధ్య వేగమూ త్వరణమూ రెండూ మైనస్సే, వడి (దిశ పట్టించుకోకుండా వేగం ఎంతో అన్నది) మాత్రం సున్నా నుంచి 3కి పెరుగుతోంది.