ఎకినేసియా ఎండు వేరు: నిలువు వేరైతే కొనండి, పొడి వద్దు

ఎకినేసియా ఉత్తర అమెరికాకు చెందిన చామంతి కుటుంబపు మందుమొక్క. అమెరికా మూలికల దుకాణాల్లో దాని వేరు మూడు రూపాల్లో దొరుకుతుంది: నిలువు వేరు (తరగని పూర్తి వేరు), తరిగిన ముక్కలు, పొడి. అయిదు మార్కులకు వరుసగా 4, 3, 1 ఇస్తాం. మార్కుల్లో ఇంత తేడా ఎందుకంటే, పాకెట్లో ఉన్నది ఏ మొక్కో కొన్నవాళ్లు కళ్లతో చూసి పోల్చుకోవాలి. పొడిలో ఆ అవకాశమే లేదు.

ముందు లేబుల్ చదవండి. ఉత్త "ఎకినేసియా" అని మాత్రమే రాసి ఉంటే తీసుకోకండి. ఆ పేరుతో మూడు జాతులు అమ్ముతారు: ఆంగస్టిఫోలియా, పల్లిడా, పర్పురియా. అమెరికా ప్రేరీ గడ్డిమైదానాల్లో లకోటా, షయెన్, పానీ, ఒమాహా ఆదివాసులు పంటినొప్పికి నమిలినది, గొంతునొప్పికి, కాలిన చోట పూతకు వాడినది ప్రధానంగా ఆంగస్టిఫోలియా. పొలంలో దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. మోకాలెత్తు మొక్క, సన్నని పొడవాటి ఆకు, గరుకు నూగు, రంపపు పళ్లు లేని అంచు, ఆకు పొడవునా మూడు ఈనెలు. రేకులు 2 నుంచి 4 సెంటీమీటర్లు, పుప్పొడి పసుపు. పల్లిడా రేకులు ఇంకా పొడుగ్గా కిందికి వేలాడతాయి, పుప్పొడి తెలుపు. తోటల్లో కనిపించే పర్పురియాది వెడల్పాటి ఆకు, రంపపు అంచు. పాకెట్ మీది పువ్వు బొమ్మను నమ్మకండి, లోపలున్నది వేరు కదా.

వేరు చూసే పద్ధతి ఇది. ఆంగస్టిఫోలియాకు, పల్లిడాకు ఒకే తల్లివేరు దిగుతుంది. పర్పురియాకు పీచువేర్ల కుచ్చు. పాకెట్లో సన్నని పీచులే ఉంటే పేరు ఏం రాసినా అది ఆంగస్టిఫోలియా కాదు. తల్లివేరును అడ్డంగా కోస్తే బండిచక్రపు ఆకుల్లా గీతలు, మధ్యమధ్య నల్లటి మచ్చలు కనిపిస్తాయి. తర్వాత గోరంత ముక్క ఒక నిమిషం నమలండి. అక్కలకర్ర నమిలినట్టు నాలుక చిమచిమలాడి మొద్దుబారాలి. పంటినొప్పికి దీన్ని నమిలింది ఇందుకే. ఆ పని చేసేవి వేరులో ఉండే ఆల్కమైడ్లు అనే రసాయనాలు. పల్లిడా వేరులో అవి దాదాపు ఉండవు. చిమచిమ రాకపోతే అది పల్లిడా అయినా కావాలి, పాతబడ్డ సరుకైనా కావాలి. పర్పురియా కూడా చిమచిమలాడిస్తుంది కాబట్టి రుచి ఒక్కటే చాలదు, ఆకారమూ చూడాలి. పొడి అయితే గాలి తగిలి త్వరగా చప్పబడుతుంది. పైగా ఒకప్పుడు పర్పురియా వేరులో పార్థీనియం ఇంటెగ్రిఫోలియం అనే వేరే మొక్క వేరు కలిసి మార్కెట్‌కు వచ్చింది. పొడిలో అలాంటిది ఎవరు పట్టుకుంటారు?

కషాయానికి 1 గ్రాము వేరు, 150 మిల్లీలీటర్ల నీళ్లు, మూత పెట్టి పది నిమిషాలు సన్నసెగ. ఆల్కమైడ్లు నీళ్లలో సరిగ్గా కరగవు. అవి కావాలంటే ఆల్కహాల్‌తో చేసిన టింక్చరే మేలు. జలుబు మీద పరిశోధనలు చూపిన ఫలితం స్వల్పం, అదీ నిలకడగా లేదు. పూర్వం దీన్ని పాముకాటుకు వాడిన మాట నిజమే, కానీ ఇప్పుడు పాము కరిస్తే నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. చామంతి కుటుంబపు మొక్కలు పడనివాళ్లు, ఆటోఇమ్యూన్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే) జబ్బులున్నవాళ్లు దీన్ని ముట్టుకోవద్దు. మిగతావాళ్లయినా 8 వారాలకు మించి వాడవద్దు.

నిలువు వేరుకు ఒక మార్కు తగ్గించింది సాగు చేయకుండా బయట తవ్వి తెచ్చే అడవి సరుకు వల్ల. వేరు తవ్వితే మొక్క చాలాసార్లు చచ్చిపోతుంది, విత్తనం నుంచి వేరు అందిరావడానికి 3, 4 ఏళ్లు పడుతుంది. లేబుల్ మీద "సాగు చేసినది" అని ఉన్న పాకెట్‌నే అడగండి.