కడపలో టేకు, కేన్ సోఫా కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి: చీటీలో 'ఫినిష్' అనే మాట ఉందేమో చూడండి

మా హాల్లో సోఫా కింద రోజూ పొద్దున మైదా పిండి లాంటి పొడి కనిపిస్తోంది. మొదట్లో పిల్లలు ఏదో తిని పోసుంటారని ఊడ్చేశాను. మూడో రోజు కూడా అదే చోట అంతే పొడి ఉంటే అప్పుడు వంగి చూశా, చెక్కకు గుండుసూది దూరేంత రంధ్రాలు, లెక్కపెడితే పద్నాలుగు. కొని నాలుగు నెలలు కాలేదు. 46 వేలు పెట్టాం.

షాపు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు వేస్తున్నాం కాబట్టి. ఎలా మోసపోయామో మాత్రం చెప్తాను.

ఫిబ్రవరిలో కొత్తింట్లో చేరే ముందు వెళ్లాం. "బర్మా టేకు అక్కా, నీ మనవళ్లు కూడా దీంట్లోనే కూర్చుంటారు" అన్నాడు షాపువాడు. బరువుగా ఉంది, రంగు బాగుంది, వీపు ఆనే చోట కేన్ అల్లిక ముచ్చటగా ఉంది, మా ఆయన బేరమాడి 52 నుంచి 46కి దించితే ఏదో గెలిచినట్టు ఇంటికొచ్చాం. బిల్లు అడిగితే "జీఎస్టీ 18 శాతం ఎక్కువ పడుతుందక్కా, ఎందుకు" అని ఎస్టిమేట్ చీటీ చేతిలో పెట్టాడు. దాన్ని నేను చదివింది పొడి రాలడం మొదలయ్యాక. అందులో 'టీక్ ఫినిష్ సోఫా' అని ఉంది. టేకు రంగు పూసిన ఏ చెక్కనైనా అలా రాయొచ్చు. ఫోన్ చేస్తే వాడు కూడా అదే అన్నాడు, "ఫినిష్ అనే కదా రాసింది మేడమ్" అని. అప్పటిదాకా అక్కా, ఇప్పుడు మేడమ్.

మా వీధి ఆచారిని పిలిస్తే ఆయన సోఫా పైభాగం చూడనే లేదు. బోర్లా తిప్పించి, పాలిష్ వేయని మూల వెతికి ఉలితో రెండుసార్లు గీకాడు. లోపల తెల్లగా పాలిపోయిన చెక్క. చేతులు పెట్టుకునే పలకలు రెండూ టేకేనట, అవి కూడా సగం చేవ (చెట్టు లోపలి ముదురు చెక్క), సగం దాని చుట్టూ ఉండే తెల్ల చెక్క. మిగతాదంతా రబ్బరు చెక్కో మామిడో అన్నాడు. ఆ పొడి రాల్చేది పుచ్చు పురుగు, దానికి కావాల్సింది చెక్కలోని పిండిపదార్థం. అది తెల్ల చెక్కలో ఉంటుంది, టేకు చేవ జోలికి అది రాదు. టేకును చెద కూడా అంత తేలిగ్గా ముట్టుకోదని మనవాళ్లు అనేది ఆ చేవ గురించే, చెట్టు మొత్తం గురించి కాదు. లేత చెట్టు కోసి, చేవ తక్కువున్న పలక పెట్టి "టేకే కదా" అంటే అబద్ధం కూడా కాదు, అదీ వాళ్ల తెలివి.

అసలు టేకును గీకితే బంగారు గోధుమ రంగు వస్తుంది, వేలితో రుద్దితే కాస్త నూనె జిడ్డు తగులుతుంది, పాత తోలు లాంటి వాసన. అందుకే షాపుకు వెళ్తే సోఫా తిప్పి చూపించమనండి. అడుగున కూడా రంగు కొట్టి ఉంటే అనుమానించండి. తిప్పనివ్వకపోతే బయటికొచ్చేయండి, మొహమాటం వద్దు.

బర్మా టేకు అన్నాడు కదా, మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. కోసిన చెక్క వస్తుందేమో గానీ ఈ ధరకు సోఫా మొత్తం దాంతో చేసిస్తారంటే నమ్మడం మాదే తప్పు. ఇది తెలిసి ఒకాయన "నల్లమల టేకు తెప్పిస్తా, బిల్లు మాత్రం అడగొద్దు" అన్నాడు. ఆ పని అస్సలు చేయొద్దు. టేకు కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ పర్మిట్ కావాలి. ఎర్రచందనం కేసులు రోజూ పేపర్లో చూసే జిల్లాలో ఉంటూ కాగితం లేని చెక్క ఇంట్లో పెట్టుకోవడమేంటి? అడవి పోవడం ఒకటి, ఆ చెక్క పట్టుకుంటే మన డబ్బూ పోతుంది.

ఇక ఊయల. అదే షాపులో 11 వేలు పెట్టి రట్టన్ (అంటే కేన్) ఊయల కూడా తీసుకున్నాం. "ఒరిజినల్ కేన్, ఎండకు వానకు ఏం కాదు" అన్నాడు. ఆ మాటలోనే దొరికిపోయాడు, నాకే అప్పుడు తెలియలేదు. నిజమైన కేన్, అదే పేము, అడవిలో చెట్లను పట్టుకుని పాకే తీగ, తాటి జాతిది. దాన్ని మన కడప మే నెల ఎండలో మిద్దె మీద పెడితే ఎండి పెళుసెక్కి విరుగుతుంది. ఎండావానా తట్టుకునేలా చేసేది ప్లాస్టిక్ అల్లిక, అదీ మంచి రకమైతేనే. మాది రెండూ కాదు, నాసిరకం ప్లాస్టిక్. ఏప్రిల్ చివరికే పటపటా చిట్లింది, లోపల ఇనుప పైపు బయటపడింది. పేము బెత్తానికి కణుపులు ఉంటాయి, కోసిన చోట వెదురులా బోలుగా ఉండదు, గట్టిగా సన్నటి రంధ్రాలతో ఉంటుంది, రంగు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అంతా ఒకే రంగు, ఎక్కడా అతుకు లేని పొడవాటి పట్టీ అయితే అది ప్లాస్టిక్కే.

సోఫా వీపుకున్న అల్లిక మాత్రం అసలు కేనే, అదొక్కటే ఊరట. అది కొంచెం వదులైతే వేడినీళ్లలో తడిపి పిండిన గుడ్డ వెనక వైపు అద్ది రాత్రంతా ఆరనిమ్మన్నాడు ఆచారి, మళ్లీ బిగుసుకుంది. కూలర్ గాలి నేరుగా తగలనీయొద్దని కూడా చెప్పాడు, తడి పీల్చి మళ్లీ ఎండితే కీళ్లు వదులవుతాయట.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. మనముండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. నా దగ్గరున్నది ఆ చీటీ, యూపీఐ రసీదు, 'బర్మా టేకు' అని వాడు పంపిన వాట్సాప్ మెసేజ్. ఆ మెసేజే ఇప్పుడు నాకు బిల్లు. మీరు మాత్రం పక్కా బిల్లు తీసుకోండి, అందులో ఏ చెక్కో పేరుతో రాయించుకోండి. ఫినిష్, లుక్, టైపు లాంటి మాటలుంటే కొట్టేయించండి.

ఫిబ్రవరి, మార్చిలో ఇక్కడ ఇలాంటి సెట్టు కొన్నవాళ్లు ఉంటే ఈ రాత్రికే తిప్పి చూసి నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వేద్దాం.