లాంగ్‌రీచ్‌లో కిరాయి కారు తీసుకునే ముందు ఇది చదవండి

ఆస్ట్రేలియాలోని పశ్చిమ క్వీన్స్‌లాండ్ వెళ్లేవాళ్లు కిరాయి కారు ఒప్పందం ఆఖరి పేజీ దాకా చదివాకే డబ్బు కట్టండి. లాంగ్‌రీచ్‌లో మాకు కారిచ్చిన కంపెనీ తాళాలు చేతికిచ్చే ముందు మూడు షరతులు బయటపెట్టింది. బుక్ చేసినప్పుడు వాటి ఊసే లేదు. రోజుకు 100 కిలోమీటర్లే ఉచితం, ఆపైన కిలోమీటరుకు 33 సెంట్లు. తారు లేని రోడ్డెక్కితే బీమా చెల్లదు. పొద్దు గూకాక ఊరు దాటి జంతువును గుద్దినా చెల్లదు.

మూడోది న్యాయమే. సాయంత్రం, తెల్లవారుజామున కంగారూలు రోడ్డు పక్క గడ్డి కోసం వస్తాయి. లైట్లకు బెదిరి ఎటు దూకుతాయో తెలియదు. ముందు ఇనుప కడ్డీ లేని చిన్న కారైతే ఒక్క దెబ్బకు రేడియేటర్ పోతుంది. చలికాలంలో ఐదింటికల్లా బస చేరిపోవాలి.

మొదటి షరతు మాత్రం పచ్చి దోపిడీ. లాంగ్‌రీచ్ నుంచి తూర్పున బార్కాల్డిన్ 100 కిలోమీటర్ల పైమాటే, ఇటు వింటన్ దాదాపు 180. వింటన్‌కు ఒక్క రోజులో వెళ్లి వస్తే 360 కిలోమీటర్లు, అంటే 260 అదనం. అదొక్కటే 85.80 డాలర్లు. పక్క ఊరు అంత దూరాన ఉన్నచోట రోజుకు 100 అని పరిమితి పెట్టడమంటే జరిమానా ముందే రాసిపెట్టుకోవడం. రెండో షరతు వల్ల లార్క్ క్వారీ పోయింది. సుమారు 9.5 కోట్ల ఏళ్ల నాటి డైనోసార్ అడుగుజాడలున్న చోటది, వింటన్‌కు 110 కిలోమీటర్లు, దారిలో కొంత మట్టిరోడ్డు. పిల్లలు ఆ రోజంతా మొహాలు ముడుచుకునే ఉన్నారు. వింటన్ దగ్గర గుట్ట మీదున్న డైనోసార్ మ్యూజియం చూశాకే మామూలయ్యారు. బుక్ చేసే ముందే మెయిల్‌లో అడగండి: కిలోమీటర్ల పరిమితి ఎంత, మట్టిరోడ్డుకు బీమా ఉందా, రాత్రి జంతువు తగిలితే ఎవరి ఖర్చు? జవాబు రాతపూర్వకంగా రాకపోతే ఆ కంపెనీని వదిలేయండి.

ఆస్ట్రేలియన్లలో పదిమందికి ఎనిమిది మందికి పైగా సముద్రతీరానికి దగ్గర్లోనే ఉంటారు. అయినా మేం ఫలానా అని చెప్పుకోవాల్సి వస్తే బుష్ అని పిలిచే ఈ లోతట్టు పల్లె ప్రాంతాన్నే చూపిస్తారు. జేబులోని నోట్లు తీసి చూడండి. పది డాలర్ల నోటు మీద బుష్ కవి బాంజో ప్యాటర్సన్, ఇరవై మీద మారుమూల రోగుల దగ్గరికి విమానంలో డాక్టర్ని పంపే ఫ్లయింగ్ డాక్టర్ సేవకు ఆద్యుడు జాన్ ఫ్లిన్. దూరం ఇక్కడివాళ్లను ఒకరి మీద ఒకరు ఆధారపడేలా చేసింది. దేశం గొప్పగా చెప్పుకునే సంస్థలు కొన్ని ఆ అవసరంలోంచే పుట్టాయి. ఈ యాత్రలో చూడాల్సింది దాన్నే.

బార్కాల్డిన్ రైల్వేస్టేషన్ ముందు ట్రీ ఆఫ్ నాలెడ్జ్ ఉంది. చూడటానికి టికెట్ లేదు. 1891లో గొర్రెల ఉన్ని కత్తిరించే కార్మికులు సమ్మె చేసి ఈ చెట్టు కిందే కూడేవారు. లేబర్ పార్టీ మూలాలు ఆ సమ్మెలో ఉన్నాయి. 2006లో ఎవరో విషం పోసి చెట్టును చంపేశారు. ఎండిన మానును అలాగే నిలబెట్టి, చుట్టూ వేలాది కొయ్య దిమ్మెలు వేలాడదీసి 2009లో స్మారకం తెరిచారు. పగలు ఒకసారి, దీపాలు వెలిగాక ఇంకోసారి చూడండి. లాంగ్‌రీచ్‌లో పశువులు కాసేవాళ్ల మ్యూజియం స్టాక్‌మెన్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌కూ, విమాన సంస్థ క్వాంటాస్ మ్యూజియానికీ చెరో పూట సరిపోతుంది. క్వాంటాస్ 1920లో వింటన్‌లో రిజిస్టరై మరుసటి ఏడాదే లాంగ్‌రీచ్‌కు మారింది. హాల్‌లో గుర్రపు జీనుల దగ్గరే ఆగిపోకండి. ఉత్తర ఆస్ట్రేలియాలో స్టేషన్లనే భారీ పశువుల క్షేత్రాలను నిలబెట్టినవాళ్లలో ఆదివాసీలు ఎందరో. చాలామందికి కూలీ కింద పిండి, పంచదార, టీ, మాంసం ఇచ్చి సరిపెట్టారు. 1966లో వేవ్ హిల్ స్టేషన్ నుంచి విన్సెంట్ లింగియారి వెంట గురింజి ఆదివాసీ జనం పని మానేసి బయటికి నడిచారు. సమాన వేతనం అమల్లోకి వచ్చింది 1968 డిసెంబరులో. ఇది లేకుండా చెప్పే బుష్ కథ సగం కథే.

నన్నడిగితే అన్నిటికన్నా విలువైన మజిలీ క్లాంకరీ. వింటన్ నుంచి దాదాపు 350 కిలోమీటర్లు కాబట్టి చాలామంది మానేస్తారు, మానకండి. 1928 మే 17న ఫ్లయింగ్ డాక్టర్ తొలి విమానం ఇక్కణ్నుంచే లేచింది. అది క్వాంటాస్ దగ్గర అద్దెకు తీసుకున్న విమానం. మరి రోగి కబురు పంపేదెలా? కరెంటు లేదు, ఫోను లేదు. ఆల్ఫ్రెడ్ ట్రేగర్ 1929లో పెడల్ రేడియో తెచ్చాడు. కాళ్లతో తొక్కితే జనరేటర్ తిరుగుతుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. చుక్కలూ గీతలతో కబురు పంపే మోర్స్ కోడ్ రానివాళ్ల కోసం తర్వాత టైపు మిషన్ లాంటి మీటలు జోడించాడు. స్టేషన్లలో ఇప్పటికీ మందులపెట్టె ఉంటుంది, అందులో ప్రతి మందుకూ ఒక నంబరు. డాక్టరు ఫోనులో ఆ నంబరు చెబుతాడు. మందు పేరు పలకడం రానివాళ్లు కూడా తడబడకుండా సరైన సీసా తీస్తారు. జాన్ ఫ్లిన్ ప్లేస్ మ్యూజియంలో ఈ కథంతా తీరిగ్గా చూడొచ్చు.

వింటన్‌లో పబ్ మేడ మీద గదికి 90 డాలర్లు, బాత్రూం వరండా చివర. మంచం శుభ్రం, మనుషులు మర్యాద. కుళాయి నీళ్లకు మాత్రం కుళ్లిన గుడ్ల వాసన. వెయ్యి మీటర్లకు పైగా లోతున్న బోర్ల నుంచి 80 డిగ్రీలు దాటిన వేడితో వచ్చే నీళ్లవి. వాసన గంధకానిది, భయపడక్కర్లేదు. మూతలేని జగ్గులో పట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే చాలావరకు పోతుంది. స్నానానికి ముందు వెండి పట్టీలు, మెట్టెలు తీసి పెట్టండి, నల్లబడతాయి. మా అత్తయ్య పట్టీలు చింతపండుతో తోముకునేదాకా మాతో సరిగ్గా మాట్లాడలేదు.

పబ్ వంటగది ఆరింటికి తెరిచి ఎనిమిదింటికి మూసేస్తారు. 8:05కి వెళితే చిప్స్ కూడా దొరకవు. శాకాహారులు రైస్ కుక్కర్, ఆవకాయ, పెరుగు వెంట తెచ్చుకోవాలి. అప్పుడు పబ్ గది వద్దు, వంటకు వీలున్న క్యాబిన్ తీసుకోండి. మాకు 165 డాలర్లయింది.

రోడ్ ట్రైన్లు, అంటే వరసగా ట్రెయిలర్లు లాగే లారీలు, 53.5 మీటర్ల దాకా పొడవుంటాయి. దాటాలంటే ఎదురుగా కనీసం కిలోమీటరు ఖాళీ రోడ్డు కనబడాలి. సందేహముంటే దాని వెనకే వెళ్లండి. ట్యాంకు సగానికి రాగానే నింపండి. తాగునీళ్లు మనిషికి రోజుకు ఐదు లీటర్లు బండిలో ఉండాలి. ఊళ్ల మధ్య సిగ్నల్ ఉండదు, ఊళ్లో దొరికేదీ ఎక్కువగా టెల్‌స్ట్రా అనే ఫోన్ కంపెనీదే. వానపడితే నల్లరేగడి చక్రాలకు ముద్దలా పట్టేస్తుంది, మూసిన రోడ్డెక్కితే జరిమానా. ఎదురొచ్చే డ్రైవరు స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తితే అది పలకరింపు, మీరూ ఎత్తండి. బండి ఆగిపోతే మొదట ఆగేది అలాంటివాళ్లే.

అక్కడ చలి రోజులైన మే నుంచి ఆగస్టు మధ్య వెళ్లండి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. కారు గొడవే వద్దనుకుంటే బ్రిస్బేన్ నుంచి స్పిరిట్ ఆఫ్ ది ఔట్‌బ్యాక్ రైలు ఒక పగలూ రాత్రీ ప్రయాణంలో లాంగ్‌రీచ్ చేరుస్తుంది, బార్కాల్డిన్ దారిలోనే వస్తుంది. అది వారానికి రెండే కాబట్టి జూన్, జులై బడి సెలవులకు నెలల ముందే బెర్తు పట్టుకోండి.