ఉద్యోగం లేనప్పుడు ముందు ఎవర్ని అడగాలి? పాత టీమ్‌వాళ్లనా, లింక్డిన్‌లో కొత్తవాళ్లనా, మీటప్‌కు (ఐటీవాళ్లు కలుసుకునే సభకు) వెళ్లాలా?

బెంగళూరు ఐటీలో పని వెతుక్కుంటున్నవాళ్లు మొదట కదపాల్సింది పాత టీమ్‌వాళ్లనే. మీ పని కళ్లారా చూసినవాళ్లు వాళ్లొక్కరే. అందులోనూ మీకంటే ముందే కంపెనీ మారినవాళ్లు ఎక్కువ పనికొస్తారు. లేఆఫ్ జరిగిన చోటే ఉన్నవాళ్లకు తమ సీటు మీదే భరోసా ఉండదు, పాపం.

"ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చూడన్నా" అని వాట్సాప్ పెడితే "చూస్తా తమ్ముడూ" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. రిఫరల్ పోర్టల్ (ఉద్యోగులు తెలిసినవాళ్లను తమ కంపెనీకి సిఫార్సు చేసే సైటు) తెరవగానే జాబ్ ఐడీ, రెస్యూమె, మీ మెయిల్, ఫోన్ నంబరు అడుగుతుంది. అవన్నీ ఆయనే వెతుక్కోవాలంటే ఎప్పటికీ అవదు. కెరీర్స్ పేజీలో పోస్టు మీరే చూసుకుని ఇలా పంపండి:

"అన్నా, బాగున్నారా? గత నెలతో నా ఉద్యోగం పోయింది. మీ దగ్గర బ్యాకెండ్ పోస్టు పడింది, జాబ్ ఐడీ కింద ఇచ్చాను. జావా, స్ప్రింగ్ బూట్ ఆరేళ్లు చేశాను, వెంటనే చేరగలను. ఇంకా అప్లై చేయలేదు. రిఫర్ చేయగలరా? కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పేయండి."

"ఇంకా అప్లై చేయలేదు" అన్న ముక్క వదలొద్దు. మీ మెయిల్ ముందే సిస్టమ్‌లో ఉంటే చాలా కంపెనీల్లో రిఫరల్ డూప్లికేట్ కింద తిరిగొస్తుంది, కొన్ని నెలలు మళ్లీ కుదరదు. మూడు నాలుగు రోజులు చూసి, జవాబు రాకపోతే అప్పుడు మీరే అప్లై చేయండి. ఒకే కంపెనీలో ఇద్దర్ని ఒకేసారి అడగొద్దు. రెండో ఆయన శ్రమ వృథా అవుతుంది, మళ్లీ అడిగే మొహం మీకూ ఉండదు.

తెలిసినవాళ్లెవరూ లేని కంపెనీకి లింక్డినే దారి. ఉచిత ఖాతాలో కనెక్షన్ రిక్వెస్టుతో పంపే నోట్‌కు 200 అక్షరాలే, అవీ నెలకు కొన్నే. హెచ్‌ఆర్‌లందరికీ చల్లకుండా, ఆ పోస్టు ఏ టీమ్‌దో కనుక్కుని ఆ మేనేజరుకే రాయండి. తెలుగు పేరు కనబడగానే "అన్నా" అనేయకండి, పేరు చివర "గారు" చాలు. ఖాళీగా ఉన్నామని దాచడం మాత్రం నష్టమే. 60, 90 రోజుల నోటీసు మామూలైన ఊళ్లో వెంటనే చేరగలగడం పెద్ద బలం. నౌకరీ.కామ్ ప్రొఫైల్‌లో నోటీసు పీరియడ్ పాతదే వదిలేస్తే, ఇమ్మీడియట్ జాయినర్ ఫిల్టర్ పెట్టిన రిక్రూటరుకు మీరసలు కనబడరు.

కోరమంగళ, హెచ్‌ఎస్‌ఆర్ మీటప్‌లు ఈ నెలలో జీతం కావాల్సినవాళ్లకు పెద్దగా అక్కరకు రావు. టెస్టింగ్ నుంచి డేటా వైపు మారేవాళ్లు మాత్రం వెళ్లాలి, ఎందుకంటే పాత టీమ్‌కు మీ కొత్త పని తెలియదు. స్పీకర్ చుట్టూ గుంపులో నిలబడే బదులు పక్క కుర్చీలో ఉన్నవారితో మాట్లాడి, ఆ రాత్రే కనెక్ట్ అవ్వండి.

మారతహళ్లిలో దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే కన్సల్టెన్సీల జోలికి మాత్రం వద్దు. చాలా కంపెనీలు వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ (ఏ కంపెనీలో ఎప్పటిదాకా చేశారో చూపే రికార్డు) అడుగుతాయి. తేడా దొరికితే చేరాక కూడా తీసేస్తారు.