ఇంజిన్ నడుస్తుండగానే న్యూట్రల్: పాత బుల్లెట్ క్లచ్‌తో నాలుగేళ్లు

ఒడిశాలో కొరాపుట్ దగ్గర సెమిలిగుడ జంక్షన్‌లో లారీల వెనక బండి ఆపుతాను. ఇంజిన్ స్లోలో దబ్ దబ్ మంటూ ఉంటుంది. క్లచ్ పట్టి, కుడి కాలి దగ్గరున్న చిన్న లివర్‌ని మడమతో ఒత్తితే చాలు, టక్కున న్యూట్రల్ (ఏ గేరూ పడని స్థితి) పడుతుంది. హ్యాండిల్ మీంచి చెయ్యి తీసేసి హాయిగా కూర్చుంటాను. పాత బుల్లెట్ నడిపేవాళ్లకి ఇంతకంటే వివరం అక్కర్లేదు, నా సంబరం ఏమిటో వెంటనే తెలిసిపోతుంది. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఇదే జంక్షన్‌లో ఆరేడేళ్లు నేను ఇంజిన్ ఆపేసి, బండిని ముందుకీ వెనక్కీ ఊపి, న్యూట్రల్ వెతుక్కుని, మళ్లీ కిక్కు కొట్టి బయల్దేరేవాణ్ని. వెనక హారన్లు మోగుతుంటే చెమటలు పట్టేవి. ఆ బాధ పోయి నాలుగేళ్లు దాటింది. క్లచ్ ప్లేట్లు మార్చాక ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు కాబట్టి, బాగున్నదీ బాగులేనిదీ రెండూ రాస్తున్నాను.

బండి మా నాన్న 1987లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పేరు మీద తయారైన రోజుల్లోది. ఇంజిను సంగతులు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. నా వాడకం మాత్రం చెప్పాలి. మాది బట్టల వ్యాపారం. సాలూరు నుంచి మూటలు కట్టుకుని ఘాట్ ఎక్కుతాను, శుక్రవారం కుందులి సంతలో దుకాణం పెడతాను. వెనక మూట లేకుండా ఈ బండి ఘాట్ ఎక్కిన రోజులు తక్కువ. క్లచ్‌కి ఇంతకంటే పెద్ద పరీక్ష ఉండదు.

మొదట కనిపించిన లక్షణం కిక్కు జారడం. ఈ బండిలో కిక్కు బలం గేరుబాక్స్ లోంచి క్లచ్ మీదుగా ఇంజిన్‌కి వెళ్తుంది. క్లచ్‌లో ఒకదానికొకటి ఒత్తుకుని ఆ బలాన్ని అందించే ప్లేట్లు అరిగితే కిక్కు కాలి కింద మెత్తగా దిగిపోతుంది, పిస్టన్ కదలదు. మా ఊరి కుర్రాడొకడు విప్పి చూసి "ప్లేట్ సరిగలా" అన్నాడు. ఒడియాలో సరిగలా అంటే అయిపోయింది అని. అరగంటలో కొత్త ప్లేట్లు వేశాడు. కిక్కు జారడం పోయింది. న్యూట్రల్ మాత్రం పడలేదు. అడిగితే పాత బండ్లన్నీ ఇంతే అన్నాడు. నేనూ నమ్మాను. రెండేళ్లకి మళ్లీ జారితే ఇంకోచోట ఇంకో సెట్టు వేయించాను. పేరు చెప్పను గానీ, ధర తక్కువని ఆ దుకాణంవాళ్లు అంటగట్టిన సెట్టు అది. దాంతో నాకు జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి.

2020 కార్తీకం. సాలూరులో రెండు మూటలు కట్టించుకుని సాయంత్రం నాలుగింటికి బయల్దేరాను. ఘాట్ మొదలయ్యేదాకా ఏ ఇబ్బందీ లేదు. సుంకి ఇంకా పైన ఉందనగా ఒక మలుపులో మూడో గేరు నుంచి రెండోదానికి దించాను. ఇంజిన్ రంకె వేసింది, బండి ముందుకి కదల్లేదు. యాక్సిలరేటర్ తగ్గిస్తే కాస్త పట్టుకుంటోంది, పెంచితే మళ్లీ జారుతోంది. ఎడమ కాలి పక్కనుంచి మాడువాసన. పక్కకి ఆపి, క్లచ్ ఉండే చైన్ కేస్ దగ్గర చెయ్యి పెడితే వేడికి వెనక్కి లాక్కోవాల్సి వచ్చింది. ఒక పావుగంట ఆగి మళ్లీ ప్రయత్నిస్తే ఇంకో అర కిలోమీటరు ఎక్కింది. ఆ తర్వాత ఇంకో విచిత్రం. క్లచ్ పూర్తిగా పట్టినా వదలడం లేదు, ఇంజిన్ ఆగిపోతోంది. లోడు పడితే జారుతోంది, పట్టుకుంటే విడవడం లేదు. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో అప్పుడు నాకు అర్థం కాలేదు.

చీకటి పడిపోయింది. ఆ రోడ్డు మీద సాలూరు లారీలు తిరుగుతూనే ఉంటాయి, నాకు అదే కలిసొచ్చింది. ముఖం తెలిసిన డ్రైవరు ఒకాయన ఖాళీ బండితో కొరాపుట్ వైపు వెళ్తూ ఆపాడు. క్లీనరు, వెనక ఇంకో లారీవాళ్లు ఇద్దరు, నేను కలిసి బుల్లెట్‌ని లారీలోకి ఎత్తాం. మూటలు దాని పక్కనే పడేశాం. డీజిలు ఖర్చుకి కూడా డబ్బులు తీసుకోలేదు ఆయన. "సంతకి వచ్చినప్పుడు మా పాపకి ఒక గౌను ఇయ్యి బాబూ" అన్నాడు. ఇచ్చాను.

మర్నాడు బండిని సునాబెడలో మా మేనమామ ఇంటికి చేర్చాను. ఆయన అక్కడి ఇంజిన్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. "కొత్త ప్లేట్లు తెచ్చాను మావయ్యా, వేసేద్దాం" అన్నాను. "ఉండరా, ముందు పాతవి ఎందుకు పోయాయో చూద్దాం" అన్నారు.

ఎడమ ఫుట్‌రెస్ట్ తీసి, చైన్ కేస్ మధ్యలో ఉన్న ఒక్క నట్టూ విప్పి మూత లాగితే ఆయిలు బేసిన్‌లోకి దిగింది. నల్లగా ఉంది, అందులో మినపపొట్టులాంటి ముక్కలు తేలాయి. ఒక ప్లేటుకి లైనింగు, అంటే పట్టు కోసం అతికించిన పొర, ఒక పక్క మొత్తం ఊడిపోయింది. ఊడిన ముక్కలు కొన్ని మిగతా ప్లేట్ల మధ్య ఇరుక్కున్నాయి. జారడానికీ విడవకపోవడానికీ రెండింటికీ కారణం అదే. మధ్యలో ఉండే స్టీలు ప్లేట్లు నీలం రంగుకి తిరిగాయి. మావయ్య కిటికీ అద్దం ముక్క ఒకటి తెచ్చి వాటిని ఒక్కొక్కటీ దాని మీద పెట్టి వేలితో అంచు నొక్కారు. మూడు ప్లేట్లు టకటకా ఊగాయి, అంటే వంగిపోయాయన్నమాట. పాత స్ప్రింగుల్ని కొత్తవాటి పక్కన నిలబెడితే బియ్యపు గింజ మందమంత పొట్టిగా ఉన్నాయి.

ఇంతవరకూ ఏ మెకానిక్ అయినా చూసేదే. మావయ్య అక్కడితో ఆగలేదు. నా చెయ్యి పట్టుకుని నా బొటనవేలి గోరుని ప్లేట్లన్నీ కూర్చునే క్లచ్ డ్రమ్ము గాడి గోడ మీద పైనుంచి కిందికి లాగించారు. గోరు నాలుగు చోట్ల ఆగింది. టక్, టక్, టక్, టక్. గోడ నున్నగా ఉండాల్సింది పోయి మెట్లు మెట్లుగా తయారైంది. "చూశావా? నీ న్యూట్రల్ ఇక్కడ ఇరుక్కుంది" అన్నారు.

లైనింగు ప్లేట్ల అంచున చెవులుంటాయి, అవి డ్రమ్ము గాడుల్లో కూర్చుంటాయి. మనం యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ, వదిలిన ప్రతిసారీ ఆ చెవులు గాడి గోడల్ని కొడతాయి. ఏళ్ల తరబడి కొట్టీ కొట్టీ చిన్న గుంటలు పడతాయి. క్లచ్ పట్టినప్పుడు ప్లేట్లు గాడిలో బయటికి జరిగి ఒకదాన్నుంచి ఒకటి విడిపోవాలి. చెవులు గుంటల్లో దిగి ఉంటే జరగవు. దాంతో క్లచ్ లివర్ పూర్తిగా లాగినా గేరుబాక్స్ షాఫ్టు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. గేర్ల మీద ఒత్తిడి పోదు, ఆ ఒత్తిడిలో న్యూట్రల్ పడదు. ఎన్ని కొత్త ప్లేట్లు వేసినా వాటి చెవులు వెళ్లి అదే గుంటల్లో కూర్చుంటాయి. ఆరేడేళ్లు నేను పడ్డ అవస్థ ఇదీ.

మరి ప్లేట్లు మార్చినవాళ్లు ఎవరూ ఎందుకు చూడలేదు? చూసే ఉంటారని నా అనుమానం. ప్లేట్లు మార్చడానికి డ్రమ్ము ఊడదీయక్కర్లేదు, అరగంట పని. గాడులు సరిచేయాలంటే మాత్రం డ్రమ్ము బయటికి రావాలి. ఇంజిన్‌ని క్లచ్‌తో కలిపే ప్రైమరీ చైనుకి విప్పే లింకు ఉండదు, కాబట్టి డ్రమ్ముతో పాటు ఇంజిన్ స్ప్రాకెట్టూ (పళ్ల చక్రం) రావాలి. దానికి ముందు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ విప్పాలి, ఊడలాగడానికి పుల్లర్ కావాలి. ఒక రోజు కూలి పోతుంది. అయినా ఆ మాట నాతో ఒక్కరైనా చెప్పి ఉంటే ఆ రోజు కూలి సంతోషంగా ఇచ్చేవాణ్ని. నా కోపమంతా అక్కడే.

డ్రమ్ము ఊడదీయకుండా అలాగే రాపాడిస్తే అరంపొడి బేరింగులో పడుతుంది, ఆ పని ఎవరూ చేయించుకోకండి. మేం ఊడదీసి కిరోసిన్‌తో కడిగాం. మావయ్య చదును ఆకురాయితో ఒక్కో గాడిలో గుంట లోతు మేరకే, అంతకు మించకుండా, లెక్కపెట్టి అన్ని గాడుల్లో సమంగా రాపాడారు. రెండు సాయంత్రాలు పట్టింది. నేను చేసిన పనల్లా డ్రమ్ము కదలకుండా పట్టుకోవడం, గోరుతో గీసి చూసి "ఇంకా ఆగుతోంది మావయ్యా" అనడం. స్టీలు ప్లేట్లు కూర్చునే లోపలి హబ్బు గాడుల్నీ అలాగే చూశాం, అక్కడ అరుగుదల తక్కువే. కొత్త లైనింగు ప్లేట్లని రాత్రంతా ఆయిల్లో నానబెట్టాం. స్టీలు ప్లేట్లు, స్ప్రింగులు కూడా కొత్తవే వేశాం. మూత వేసేముందు నన్ను క్లచ్ లివర్ పట్టమని, ప్లేట్లని బిగించి నొక్కే ప్రెషర్ ప్లేటు నాలుగు పక్కలా సమంగా లేస్తోందా లేదా అని ఆయన కళ్లద్దాలు సవరించుకుని చూశారు. గేరుబాక్స్ వైపున్న చిన్న మూత తీసి, ప్లేట్లని విడదీసే పుష్ రాడ్ సెట్టింగు చేసి, లివర్ దగ్గర కొద్దిగా ఆట ఉంచారు. ఆట అసలు లేకపోతే ప్లేట్ల మీద పూర్తి బిగువు పడదు, రాడ్డు కొన కూడా కాలిపోతుంది.

ఆ సాయంత్రం సునాబెడ గేటు దాకా వెళ్లి, బండి ఆపి, భయం భయంగా మడమ ఆనించాను. ఒత్తినట్టు కూడా లేదు, న్యూట్రల్ పడిపోయింది. మొదటి గేరు వేసి, రెండోది వేసి, మళ్లీ ఆపి చూశాను. మళ్లీ పడింది. అక్కడే పది పన్నెండుసార్లు చేశాను. నాన్న ఉంటే బాగుండు అనిపించింది. ఆయన నడిపినన్నాళ్లూ ఇలాగే పడేదట, అమ్మ చెప్పింది.

అప్పట్లో ఆ సంబరంలో కనబడినవాళ్లందరికీ ఈ ప్లేట్లు వెన్నలా ఉన్నాయి, మీరూ ఇవే వేయించుకోండి అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించుకోవాలి. ప్లేట్లు మంచివే, నాలుగేళ్లలో ఘాట్ మీద ఒక్క వారం తప్ప ఎప్పుడూ నా చేతుల్లో జారలేదు. ఆ వారం జారిందీ నా తప్పే. ఇంట్లో మిగిలిన కారు ఆయిల్ చైన్ కేస్‌లో పోశాను. చాలా కార్ల ఆయిల్స్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, ఆయిల్లో మునిగి పనిచేసే క్లచ్‌కి అవి పడవు. డబ్బా మీద జాసో ఎం.ఎ. (ఆయిల్లో మునిగే బైకు క్లచ్‌కి పనికొస్తుందనే గుర్తు) అని ఉన్నది తెచ్చి పోశాక మళ్లీ మామూలైంది. ఈ బండిలో ఇంజిన్ ఆయిల్ వేరు, చైన్ కేస్ ఆయిల్ వేరు కాబట్టి అంత తేలిగ్గా బయటపడ్డాను.

చలికాలం ఇంకో సంగతి. పుష్యమాసంలో మా కొండల మీద పొద్దున్నే ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలాగే స్టార్ట్ చేసి మొదటి గేరు వేస్తే ఠక్కుమని బండి ముందుకి దూకుతుంది. అందుకని ఇంజిన్ స్టార్ట్ చేయకముందే క్లచ్ పట్టుకుని రెండు మూడుసార్లు కిక్కు తొక్కుతాను. ప్లేట్లు విడిపోగానే కిక్కు ఖాళీగా దిగుతుంది, కాలికి తెలుస్తుంది. పాత ప్లేట్లతో నాకు ఈ పని పడలేదు. లోపం ప్లేట్లదా, నేను పోసే ఆయిల్ చిక్కదనానిదా అంటే ఆయిల్‌దే కావచ్చు. పలచనిది పోశాక కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

అసలు సవరణ ఇంకోటి. మొన్న ఉగాదికి మూత తీసి గోరు పెట్టి చూశాను. డ్రమ్ము గాడుల్లో మళ్లీ సన్నగా తగులుతోంది. ఆకురాయి వేసినప్పుడు గాడి ఆ మేరకు వెడల్పవుతుంది. చెవులకి ఆట ఎక్కువై ఇంకా గట్టిగా కొడతాయి, గుంటలు ముందుకంటే త్వరగా పడతాయి. స్లోలో ఉన్నప్పుడు ఎడమ పక్క చిన్న గలగల కూడా ఏడాదిగా వినిపిస్తోంది. మావయ్య ఆ రోజే "ఒకసారికి సరే, రెండోసారి దీన్ని రాపాడకు" అన్నారు. అంటే నేను పొగిడిన న్యూట్రల్ ఆ ప్లేట్ల గొప్ప కాదు, ఆకురాయిది. దానికీ ఒక గడువుంది.

మరి మీరు చేయించుకోవాలా అంటే, మీ వాడకాన్ని బట్టి ఉంటుంది. నాది ఘాట్ రోడ్డు, వెనక మూట, వారానికి రెండుమూడు ట్రిప్పులు. ఇంట్లోనే ఫిట్టరు ఉన్నాడు, కూలి లేదు. ప్లేట్లు, స్ప్రింగులు అన్నీ కలిపి అప్పట్లో రెండు వేల లోపే అయ్యాయి. బొబ్బిలి, పార్వతీపురం వైపు చదును రోడ్ల మీద ఆదివారం పూట ఒంటరిగా తిరిగేవాళ్లకి ఉన్న ప్లేట్లే ఇంకా చాలా ఏళ్లు రావచ్చు. న్యూట్రల్ పడక అవస్థ పడుతుంటే మాత్రం ప్లేట్లు కొనేముందు కేబులూ పుష్ రాడ్ సెట్టింగూ సరిగా ఉన్నాయో లేదో చూడండి. అవి బాగుండీ పడకపోతే మూత తీయించి, ప్లేట్లు బయటికి లాగించి, గోరు మీరే పెట్టి చూడండి.

నేనైతే ఈ వేసవిలో డ్రమ్మే మారుస్తున్నాను. జయపురంలో ఒక పాత స్పేర్ల దుకాణంలో వాడని డ్రమ్ము ఒకటి చూసి అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. గాడులన్నిటిలో గోరు పెట్టి లాగి చూశాకే ఇచ్చాను, ఎక్కడా ఆగలేదు.