అరకు బాగానే ఉంది, మా బండే ఎక్కనంది

ముందే చెప్పేస్తున్నా, ఇందులో బొర్రా గుహల గురించి రెండు ముక్కలే ఉంటాయి. మిగతాదంతా మా బండి గోల.

మాది ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, 2021 మోడల్. కంపెనీ పేరెందుకులెండి. జనవరిలో రాజమండ్రి నుంచి నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, అత్తయ్య గారు, మామయ్య గారు, బావమరిది బయల్దేరాం. తుని, అనకాపల్లి, పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట వరకు నల్లేరు మీద బండి నడకే. అక్కడ ఏడుగురికీ టిఫిన్లు 480 రూపాయలు.

టైడా దాటాక ఒక మలుపులో సెకండ్ గేర్‌లో ఎక్కుతున్నాం. ఒక్కసారిగా బండి నీరసపడిపోయింది. ఇంజిన్ లైటు వెలిగింది. యాక్సిలరేటర్ మొత్తం తొక్కినా ఆర్‌పీఎం 2,500 దాటదు, స్పీడు 15. వెనక ఆర్టీసీ బస్సు ఒకటే హారన్. బావమరిది దూకి చక్రం కింద రాయి పెట్టాడు. అత్తయ్య గారు లోయలోకి చూసి, "రైల్లో వెళ్దాం, పిల్లలు సొరంగాలు చూస్తారు అన్నాను, విన్నారా బాబూ?" అన్నారు. ఆ రోజు ఆ మాట నాలుగుసార్లు అన్నారు, నాలుగుసార్లూ నా దగ్గర జవాబు లేదు.

ఇంజిన్ ఆపి, ఐదు నిమిషాలాగి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. కాసేపు బాగా లాగుతుంది, నిటారు మలుపు రాగానే అదే కథ. అనంతగిరి చేరేలోపు ఐదుసార్లు. దీన్ని లింప్ మోడ్ అంటారట. ఏదో సెన్సర్ లెక్క తేడాగా చూపిస్తే, ఇంజిన్ పాడవకుండా కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది. ఇంజిన్‌కి క్షేమమే. ఘాట్ మలుపులో వెనక లారీ పెట్టుకున్న మన సంగతేమిటి?

ఒళ్లు మండింది ఎందుకంటే, ఇది కొత్త జబ్బు కాదు. నవంబర్‌లో అన్నవరం కొండ ఎక్కుతుంటే మొదలైంది. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే "డీజిల్‌లో నీళ్లు సార్" అని ఫిల్టర్ మార్చి, ఇంజెక్టర్లు క్లీన్ చేశామని 6,850 లాగారు. రెండోసారి "డీపీఎఫ్‌లో మసి సార్, మీరు ఊళ్లోనే తిప్పుతున్నారు" అని (డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్) కంప్యూటర్ పెట్టి ఆ మసి కాల్చినందుకు 2,360. బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన) డీజిల్ బండిని స్కూలుకీ రైతుబజారుకీ మాత్రమే తిప్పితే మసి పేరుకుంటుంది, నిజమే. అది కాలాలంటే కాసేపు ఆగకుండా మంచి వేగంలో పోవాలి. కానీ మేం హైవే మీద గంటలకొద్దీ పోయి మరీ ఘాట్ ఎక్కాం కదా! రెండుసార్లూ అడ్వైజర్ ఒక్కడే ఖాళీ బండితో బైపాస్‌లో తిరిగొచ్చి "ప్రాబ్లం రావట్లేదు సార్" అన్నాడు.

అనంతగిరిలో సిగ్నల్ దొరికాక రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేశాం. ల్యాండ్‌మార్క్ ఏమిటని హిందీలో అడిగారు. "ఇటు కాఫీ తోట, అటు కాఫీ తోట" అని బావమరిది జవాబు. లాక్కెళ్లే బండి విశాఖ నుంచి రావాలట, ఐదు గంటలట, 50 కిలోమీటర్లు దాటితే డబ్బులు మనవట. ఫోన్ పెట్టేసి బొంగులో చికెన్ తిన్నాం, రెండు బొంగులు 900. నూనె చుక్క లేకుండా వెదురు వాసనతో వేడివేడిగా ఉంది. మామయ్య గారు ఉదయం నుంచి అప్పుడే నవ్వారు.

అరకులో రిసార్టు రెండు గదులు, ఒక్కోటి 3,800. గేటు నుంచి గదులకి ఎత్తుగా సిమెంటు రోడ్డు. బండి సగంలో ఆగింది, సామాన్లు మోసుకుంటూ నడిచాం. ఎక్స్‌ట్రా బెడ్ అని 800 తీసుకుని బొంత లాంటి పరుపిచ్చారు. ఆ చలిలో వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది వరకే. స్టేషన్ దగ్గర మామూలు లాడ్జి చూసుకోండి, హాయి. మర్నాడు జీపు మాట్లాడుకుని (2,500) బొర్రా, చాపరాయి, గిరిజన మ్యూజియం చూశాం. బాగున్నాయి.

తిరుగు ప్రయాణంలో అత్తయ్య గారు, మామయ్య గారు పిల్లల్ని తీసుకుని రైలెక్కేశారు. మేం దిగి ఎస్.కోటలో ఒక చిన్న షెడ్డు దగ్గర ఆగాం. మెకానిక్ అడిగిన మొదటి ప్రశ్న: "ఎక్కేటప్పుడు ఈల లాంటి శబ్దం వచ్చిందా?" మా ఆవిడ వెంటనే "వచ్చింది, నేను చెప్తే ఏసీ అన్నారు" అని నా వైపు చూసింది. అతను టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేది) నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచేది) వెళ్లే రబ్బరు పైపు కింద చెయ్యి పెట్టి తడిమాడు. వేళ్లకి ఆయిల్ అంటింది. క్లిప్పు పక్కనే గోరంత చీలిక. ఖాళీ బండికి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి చీలిక మూసుకునే ఉంటుంది. ఏడుగురితో ఎత్తు ఎక్కితే ఒత్తిడికి తెరుచుకుంటుంది, గాలి బయటికి పోతుంది, పవర్ పడిపోతుంది. చీలిన చివర అంగుళం కోసేసి, కొత్త క్లిప్పు బిగించి 350 తీసుకున్నాడు. రైలు దిగి వచ్చిన వాళ్లని కూడా ఎక్కించుకుని ఘాట్‌లో కొంత దూరం ఎక్కి చూశాం. ఒక్కసారీ ఆగలేదు. అత్తయ్య గారు మాత్రం షెడ్డు ముందు స్టూలు మీంచి లేవలేదు.

మీకూ ఇలాగే అవుతుంటే టెస్ట్ డ్రైవ్‌కి మీరూ కూర్చోండి, నిండు బండితో ఏ ఫ్లైఓవరో ఎక్కించండి. స్కానర్‌లో వచ్చిన లోపం కోడ్ అడిగి రాయించుకోండి. ఇంటికొచ్చాక సర్వీస్ సెంటర్ వాళ్లు చేసిన పని రాసిచ్చిన మా పాత జాబ్ కార్డు తీశాను. నవంబర్ కాగితంలోనే అడుగున చిన్న అక్షరాల్లో పి0299 అని ఉంది, అంటే టర్బో ఒత్తిడి చాలట్లేదని. దాన్ని చదివే డీజిల్ ఫిల్టర్ మార్చారు!

కొత్త పైపు 3,120 అయింది, రబ్బరు వారంటీలోకి రాదట. పాత బిల్లుల 9,210 తిరిగివ్వమని రాసి, కార్డు ఫొటో జతచేశాను. "పై వాళ్లకి పంపాం సార్" అంటున్నారు. కోసిన ఆ అంగుళం ముక్కని డ్యాష్‌బోర్డు మీదే ఉంచాను.